సైరన్ మోగుతుంటే స్క్రీన్ మీద నా స్లైడ్: ఒక సారీ రాయడంలో నా అనుభవం

నేను టోక్యోలో నిషి-కసాయిలో ఉంటాను. ఇండియావాళ్ళు ఎక్కువగా ఉండే ఏరియా, ఆదివారం సాయంత్రం స్టేషన్ దగ్గర నిలబడితే ఎక్కడో ఒకచోట తెలుగు చెవిన పడుతుంది. నా ఉద్యోగం బ్రిడ్జ్ ఇంజనీర్. అంటే జపాన్ కస్టమర్ చెప్పింది విని చైనాలో కోడ్ రాసే టీమ్‌కి అర్థమయ్యేలా చెప్పడం, వాళ్ళడిగే ప్రశ్నల్ని ఇక్కడివాళ్ళు నొచ్చుకోకుండా అడగడం. మా అమ్మ దీన్ని పెళ్ళిళ్ళ పేరయ్య పని అంటుంది. అటుదిటూ ఇటుదటూ చెప్పి, చివరికి ఇద్దరిచేతా మాట పడే పని కాబట్టి తప్పేం లేదు.

మా టీమ్ ఉండేది షెన్యాంగ్‌లో, చైనాకి ఈశాన్యాన. టీమ్ లీడ్ ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, జపనీస్ నాకంటే బాగా మాట్లాడుతుంది. నా చైనీస్ అంతంతమాత్రం. కాబట్టి ఒక తెలుగువాడు, ఒక చైనా ఆవిడ రోజూ గంటసేపు జపనీస్‌లో మాట్లాడుకుంటూ ఉంటాం. ఇందులో వింతేమైనా ఉందని 2023 సెప్టెంబరు దాకా నాకు తట్టనే లేదు.

ఆ సెప్టెంబరులో మేం ఒక గోడౌన్ స్టాకు సిస్టమ్‌ని మార్చాలి. జపాన్‌లో ఇలాంటివి మూడు రోజులు వరసగా సెలవులొచ్చే వారాంతంలో చేస్తారు, అప్పుడైతే కస్టమర్ పని ఆగదు. 16, 17 శని ఆదివారాలు, 18 సోమవారం ఇక్కడ వృద్ధుల గౌరవ దినం సెలవు. చైనాలో ఆ సోమవారం మామూలు పనిరోజు. నేను రెండు దేశాల సెలవుల క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూసి "ఇదే బెస్ట్" అన్నాను. షెన్యాంగ్ వాళ్ళు సరేనన్నారు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఆవిడ సరేననడానికి ముందు రెండు మూడు సెకన్లు ఆగింది. నేను నెట్ స్లో అనుకున్నాను.

ఆదివారం అర్ధరాత్రికి పని బాగానే అయిపోయింది. సోమవారం టోక్యో టైమ్ పదింటికి స్టేటస్ మీటింగ్. చివర్లో చూపించడానికి నేనొక స్లైడ్ చేసి పెట్టుకున్నాను: ఎరుపు తెలుపు బ్యాక్‌గ్రౌండ్, పైనుంచి రంగు కాగితాలు రాలుతున్నట్టు యానిమేషన్, మధ్యలో పెద్ద అక్షరాల్లో "శుభం! 9.18 రిలీజ్" అని జపనీస్‌లో. నాకు డిజైన్ రాదు, ఆ కాగితాల యానిమేషన్ వెతకడానికే అరగంట పట్టింది.

10 గంటల 18 నిమిషాలు, అంటే షెన్యాంగ్‌లో 9 గంటల 18 నిమిషాలు. స్లైడ్ స్క్రీన్ మీద ఉంది. అవతలి కాన్ఫరెన్స్ రూమ్ మైకులోంచి సైరన్ మొదలైంది. పాత సినిమాల్లో విమానాలొచ్చేముందు మోగుతుందే, ఆ రకం కూత, లేస్తూ పడుతూ. దానికి తోడు కింద రోడ్డు మీద కార్లన్నీ ఒకేసారి హారన్ కొడుతున్నాయి. వాళ్ళు ఆరుగురూ లేచి నిలబడ్డారు. లీడ్ చెయ్యి మ్యూట్ బటన్ దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

మా కాచో, అంటే సెక్షన్ హెడ్, నిజంగానే కంగారుపడ్డాడు. "అగ్నిప్రమాదమా? ముందు కిందికి దిగండి, లిఫ్ట్ ఎక్కొద్దు" అన్నాడు. ఎవరూ పలకలేదు. మా వైపు ఒక కుర్రాడు, మైక్ ఆన్‌లో ఉందని తెలియక, "డ్రిల్లేమోలే" అని చిన్నగా నవ్వాడు. సైరన్ మూడు నిమిషాలు మోగింది. ఆ మూడు నిమిషాలూ తలొంచుకుని నిలబడ్డ ఆరుగురి ముందు నా రంగు కాగితాలు రాలుతూనే ఉన్నాయి. ఏదో తేడాగా ఉందని మొదటి నిమిషంలోనే అర్థమైంది, షేరింగ్ ఆపెయ్యడానికి ఒక్క క్లిక్కు చాలు, నేను ఆపలేదు. ఎందుకాపలేదో ఇప్పటికీ తెలీదు.

సైరన్ ఆగింది. వాళ్ళు కూర్చున్నారు. లీడ్ జపనీస్‌లో, చాలా మర్యాదగా, "క్షమించండి, కొనసాగించండి" అంది. అంటే ఆ రోజు మొదట సారీ చెప్పింది ఆవిడే.

సాయంత్రం ఆన్‌లైన్‌లో పెట్టుకున్న చిన్న పార్టీకి షెన్యాంగ్ నుంచి ఒక్కరూ రాలేదు. అప్పుడు వెతికాను. తెలియనివాళ్ళకి క్లుప్తంగా: 1931 సెప్టెంబరు 18 రాత్రి, ఈ షెన్యాంగ్ శివార్లలోనే, జపాన్‌కి చెందిన క్వాంటుంగ్ సైన్యం తమ ఆధీనంలో ఉన్న దక్షిణ మంచూరియా రైల్వే పట్టాని తామే పేల్చి, చైనావాళ్ళు పేల్చారని చెప్పి, తెల్లారేసరికి ఊరిని పట్టుకున్నారు. మరుసటి ఏడాదికల్లా మంచుకువో అనే కీలుబొమ్మ రాజ్యం. అక్కణ్ణుంచి 1937లో పూర్తి యుద్ధం, నాన్‌జింగ్ మారణకాండ, 1945 దాకా. చైనా లెక్కలో అది పద్నాలుగేళ్ళ యుద్ధం, అందుకే షెన్యాంగ్ మ్యూజియంలో ఆ రోజు గంట పద్నాలుగు సార్లు మోగిస్తారు.

మా నాన్న రైల్వేలో ట్రాక్ మీద పనిచేసి కాజీపేటలో రిటైరయ్యారు. రాత్రి ఫోన్లో ఇదంతా చెప్పి, పేలుడు ఎంత చిన్నదంటే కాసేపటికి ఒక రైలు దాని మీదుగానే వెళ్ళిపోయింది నాన్నా అన్నాను. ఆయనకి చరిత్ర అంతా పోయి అదొక్కటే పట్టుకుంది. "పట్టా తెగితే బండెట్లా పోయిందిరా? ఎన్ని ఇంచులు తెగింది?" అని. తర్వాత కాసేపాగి, "అయితే ఆ అమ్మాయికి సారీ చెప్పినవా లేదా?" అన్నారు.

చెప్పాలి. కానీ జపాన్ కంపెనీలో సారీ ఒక మనిషి చెప్పేది కాదు, ఒక ఫైలు. నేను డ్రాఫ్ట్ రాయాలి, కాచో చూడాలి, పరిపాలన విభాగం చూడాలి, అప్పుడు పంపాలి. అసలే అప్పుడు గాలి బాలేదు. ఆగస్టు 24న ఫుకుషిమా అణుకేంద్రం శుద్ధి చేసిన నీళ్ళు సముద్రంలోకి వదలడం మొదలుపెట్టాక చైనా జపాన్ చేపల దిగుమతి ఆపేసింది, చైనా నంబర్ల నుంచి ఇక్కడి షాపులకీ ఆఫీసులకీ తిట్ల ఫోన్లు. మా ఆఫీసు కింద మేం మధ్యాహ్నం తినే చిన్న హోటల్‌కి కూడా వచ్చాయి, నీళ్ళకీ ఆ ముసలాయనకీ ఏం సంబంధమో. "డ్రిల్లేమో" అన్న కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళు. వాడు నాతో నిజంగా బాధపడుతూనే అన్నాడు, "రావు సాన్, మా తాతయ్య కూడా యుద్ధం అయిపోయాక పుట్టినవాడే. ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి?" 2015లో యుద్ధం ముగిసి 70 ఏళ్ళైన సందర్భంగా ప్రధాని అబే చెప్పింది కూడా ఇదే: యుద్ధంతో ఏ సంబంధమూ లేని తర్వాతి తరాల పిల్లల మీద క్షమాపణలు చెబుతూనే ఉండాల్సిన గతిని మోపకూడదు అని. వాడి మాటని నేను కొట్టిపారెయ్యలేకపోయాను.

మొదటి డ్రాఫ్టులో నేను రాసింది, "మీ మనసుకి కష్టం కలిగించి ఇబ్బంది పెట్టినందుకు హృదయపూర్వకంగా క్షమాపణలు." జపనీస్‌లో ఇబ్బందికి మెయివాకు అంటారు. కాచో ఎర్రపెన్నుతో ముందు "ఏ దురుద్దేశమూ లేకపోయినా" అని చేర్చారు. పరిపాలన విభాగం "కలిగించి" తీసేసి "కలిగించి ఉంటే" అని పెట్టింది. నాలుగు రోజుల తర్వాత పంపాం. షెన్యాంగ్ నుంచి జవాబు రెండు చైనా అక్షరాలు: షౌదావ్. అంటే "అందింది." కొరియర్ కుర్రాడికి సంతకం పెట్టినట్టు.

ఎక్కడ తేడా కొట్టిందో తెలుసుకుందామని కూర్చుంటే, నేను చేసిన తప్పే యాభై ఏళ్ళ కిందట ఒక ప్రధానమంత్రి చేశాడని తెలిసింది. 1972 సెప్టెంబరు 25, బీజింగ్‌లో విందు. చైనాతో సంబంధాలు మళ్ళీ కలపడానికి వెళ్ళిన జపాన్ ప్రధాని తనాకా కకుయెయి, యుద్ధం గురించి మాట్లాడుతూ చైనా ప్రజలకి చాలా "మెయివాకు" కలిగించాం అన్నాడు. దుబాసీ దాన్ని "మాఫాన్" అన్నాడు. చైనీస్‌లో మాఫాన్ అంటే చిన్న తలనొప్పి. మర్నాడు చైనా ప్రధాని చౌ ఎన్‌లై మొహమాటం లేకుండా చెప్పాడు: దారిన పోయే ఆడమనిషి స్కర్టు మీద నీళ్ళు చిందితే అనే మాట అది. తనాకా మాత్రం, మా భాషలో అది మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పే మాటేనని వాదించాడు. చివరికి 29న సంతకం చేసిన సంయుక్త ప్రకటనలో "యుద్ధం ద్వారా చైనా ప్రజలకు కలిగించిన తీవ్ర నష్టానికి బాధ్యతను తీవ్రంగా గుర్తిస్తూ, లోతుగా ఆత్మవిమర్శ చేసుకుంటున్నాం" అని రాశారు. చైనా యుద్ధ నష్టపరిహారం అడగనని వదులుకుంది కూడా అందులోనే.

ఇది చదువుతుంటే నాకు కాజీపేట ప్లాట్‌ఫామ్ గుర్తొచ్చింది. బండి నాలుగు గంటలు లేటు, పిల్లలు ఏడుస్తుంటారు, పైనుంచి ఆ గొంతు: "ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము." దాన్ని ఎవరైనా ఎప్పుడైనా సారీగా తీసుకున్నారా? కలిగిందట. ఎవరు కలిగించారు? బండే వచ్చి కలిగించిందా? మనం ఇంట్లో కూడా "తప్పు జరిగింది", "తప్పయిపోయింది" అంటాం చూడండి, "తప్పు చేశాను" అనడానికి నాలుక తిరగదు. నా డ్రాఫ్టు అచ్చంగా రైల్వే అనౌన్స్‌మెంట్.

జపాన్ చెప్పిన సారీలన్నీ ఇలాంటివే అని కాదు. 1992లో చక్రవర్తి అకిహితో చైనా వెళ్ళి "చైనా ప్రజలకు మా దేశం అపారమైన కష్టాలు కలిగించిన దురదృష్టకర కాలం ఒకటి ఉండేది" అన్నప్పుడు అది కాస్త దాటవేతగానే ఉంది గానీ, 1995 ఆగస్టు 15న ప్రధాని మురయామా ఆ మాటల్ని తిన్నగా వాడాడు: వలస పాలన, దురాక్రమణ, మనస్ఫూర్తిగా క్షమాపణ. అంతకంటే ఏం కావాలి అని కాచో అడిగాడు. నాకూ అదే అనిపించింది, తర్వాత జరిగింది చదివేదాకా. 1998లో చైనా అధ్యక్షుడు చియాంగ్ జెమిన్ టోక్యో వచ్చినప్పుడు ప్రధాని ఒబుచి సారీ నోటితో చెప్పాడు, కాగితం మీద ఆ ముక్క లేదు. అంతకు నెల ముందే దక్షిణ కొరియాకి రాసిచ్చారు. 2001 అక్టోబరులో ప్రధాని కొయిజుమి బీజింగ్ దగ్గర, 1937లో యుద్ధం మొదలైన మార్కోపోలో వంతెన దాకా వెళ్ళి క్షమాపణ చెప్పి వచ్చి, ఆర్నెల్లు దాటగానే ఏప్రిల్‌లో యాసుకుని మందిరానికి వెళ్ళాడు. యుద్ధంలో చనిపోయిన సైనికులతో పాటు, 1978 నుంచి 14 మంది అగ్రశ్రేణి యుద్ధ నేరస్థుల్ని కూడా పూజిస్తున్న చోటది. చెప్పినవాళ్ళు ఇన్నిసార్లు చెప్పామని లెక్కపెట్టుకుంటున్నారు, విన్నవాళ్ళు చెప్పాక ఏం చేశారో లెక్కపెట్టుకుంటున్నారు. రెండు లెక్కలూ నిజమే, కానీ ఒకే ఖాతా కాదు.

సరే, నా సంగతి. మెయిల్ పంపిన వారానికి లీడ్ నాకు విడిగా ఫోన్ చేసింది. మొదటి మాటే "మీరెందుకు రాశారు? మీరు ఇండియన్ కదా." స్లైడ్ నేనే చేశానని చెప్పాను. ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది, కాచో చేశాడనుకుందట. కాసేపు ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. తర్వాత ఆవిడ కోట్నిస్ సంగతి ఎత్తింది. 1938లో, జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి ఇండియా నుంచి వెళ్ళిన ఐదుగురు డాక్టర్లలో ఒకరు, 1942లో అక్కడే చనిపోయారు, కె దిహ్వా అన్న ఆయన చైనా పేరు తెలియనివాళ్ళు అక్కడ తక్కువ. ఆయనది సోలాపూర్, అక్కడ మా పద్మశాలీ బంధువులున్నారు అన్నాను, ఆవిడకి అదేం అర్థం కాలేదు గానీ నవ్వింది. తమాషా ఏంటంటే, అంతకు ముందు వారమే కాచో నాతో "మీ పాల్ గారు" అంటూ రాధావినోద్ పాల్ గురించి చెప్పాడు. యుద్ధం తర్వాత జపాన్ నాయకుల మీద జరిగిన టోక్యో విచారణలో నిందితులందరూ నిర్దోషులని వేరుగా తీర్పు రాసిన బెంగాలీ జడ్జి, ఆయన స్మారకం యాసుకునిలోనే ఉంది. నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం చేసిన అకృత్యాలకి సాక్ష్యం బలంగా ఉందని ఆ తీర్పులోనే రాశాడు, ఆ పేజీ మాత్రం కాచోకి ఎవరూ చెప్పినట్టు లేదు. మొత్తానికి నేను ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళు తమకి కావలసిన భారతీయుణ్ణి నా మీద కప్పుతున్నారు.

ఫోన్ పెట్టేసే ముందు ఆవిడ అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "రావు సాన్, మీ మెయిల్ అంతా నా మనసు గురించే ఉంది. నా మనసు నేను చూసుకుంటాను. స్లైడ్ గురించి రాయండి."

రెండో మెయిల్ ఎవరికీ చూపించకుండా నేనే రాశాను. ఐదు వాక్యాలు. "స్లైడ్ నేను చేశాను. తేదీ పెట్టేముందు సెలవులు చూశాను, ఆ తేదీ మీకేంటో చూడలేదు. సైరన్ మోగుతున్నప్పుడు స్లైడ్ తీసేసే వీలుంది, తియ్యలేదు. తప్పు నాది. జులై 7, సెప్టెంబరు 18, డిసెంబరు 13 ఇకనుంచి రిలీజ్ క్యాలెండర్‌లో ఉండవు, ఇప్పుడే తీసేశాను." జులై 7 ఎందుకో కూడా చెప్తాను. 1937లో మార్కోపోలో వంతెన దగ్గర యుద్ధం మొదలైన రోజు. డిసెంబరు 13 నాన్‌జింగ్ మారణకాండని గుర్తు చేసుకునే రోజు. 2021లో సోనీ చైనా శాఖ ఆ రోజు రాత్రి కొత్త ఉత్పత్తి విడుదల అని ప్రకటించి పది లక్షల యువాన్ల జరిమానా కట్టింది. మాకు జరిమానా పడలేదు, అంతే తేడా.

దానికి జవాబు "షౌదావ్" కాదు. "క్యాలెండర్ చూశాను. 413వ టికెట్‌లో ఇంకో బగ్ ఉంది, చూడండి" అని వచ్చింది. ఆ బగ్ నిజంగానే ఉంది, రెండు రోజులు తిన్నది.

కాచో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. తర్వాతి మీటింగ్‌లో ఆయన ఏమీ చెప్పకుండా లేచి నిలబడి, నడుం దాకా వంగి నమస్కరించాడు. లాప్‌టాప్ కెమెరా బల్ల మీద ఉంది, ఆయన వంగేసరికి స్క్రీన్‌లో ముందు బట్టతల, తర్వాత ఖాళీ కుర్చీ మాత్రమే కనిపించాయి. ఎంతసేపో అలాగే. షెన్యాంగ్‌లో ఒక కుర్రాడు నవ్వాపుకోలేక కిందకి చూశాడు. లీడ్ నవ్వలేదు. కాచో కూర్చున్నాక "సరే, ఎజెండా" అంది. క్షమించానని ఎవరూ ఎప్పుడూ అనలేదు, ఆ మాట ఇప్పటిదాకా రాలేదు.

2024 మే నెలలో పని మీద షెన్యాంగ్ వెళ్ళాను. ఆవిడది పక్కనే ఉన్న ఫుషున్. ఆదివారం నన్ను అక్కడికి తీసుకెళ్ళింది. ఊరు చూపిస్తుందనుకున్నాను, తీసుకెళ్ళింది జైలుకి. 1950లో సోవియట్ వాళ్ళు అప్పగించిన జపాన్ యుద్ధ ఖైదీలు, వెయ్యికి కాస్త తక్కువ మంది, అక్కడున్నారు. చైనా చివరి చక్రవర్తి పుయీ కూడా అక్కడే. కొట్టలేదు, తిండి సరిగ్గా పెట్టారు, చేసినవి రాయించారు. 1956లో ఫుషున్, తైయువాన్ ఖైదీల్లో కలిపి 45 మందిని మాత్రం విచారించారు, ఎవరికీ ఉరి వెయ్యలేదు, మిగతావాళ్ళని ఇంటికి పంపేశారు. ఇంటికెళ్ళినవాళ్ళు 1957లో చూకిరెన్ అనే సంఘం పెట్టుకుని, నేను ఫలానా ఊళ్ళో ఫలానా పని చేశాను అని ముసలితనం దాకా జపాన్‌లో చెబుతూ తిరిగారు. బ్రెయిన్ వాష్ చేసి పంపారని తిట్టించుకున్నారు కూడా. వాళ్ళే 1988లో వచ్చి ఈ ఆవరణలో ఒక శిల నిలబెట్టారు. దాని మీద ఉన్న మాట మెయివాకు కాదు, విచారమూ కాదు. "షియెజుయ్", నేరానికి క్షమాపణ. జపనీస్‌లో చదివినా అవే అక్షరాలు, షజాయి. దుబాసీ అక్కర్లేదు.

ఫొటో తీసి కాచోకి పంపాను. ఆయన చూకిరెన్ పేరే వినలేదట. వాళ్ళ కాగితాలు దాచిన చిన్న మ్యూజియం సైతామాలో, కవాగోయెలో ఉందని చెబితే, "అది మా లైన్లోనే, మా ఇంటికి అరగంట" అన్నాడు. వెళ్ళాడో లేదో తెలీదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. 2024 సెప్టెంబరు 18న మేం మీటింగ్ పెట్టుకోలేదు, క్యాలెండర్ ఖాళీ. ఆ పొద్దున షెన్‌జెన్‌లో జపాన్ స్కూలుకి నడిచి వెళ్తున్న పదేళ్ళ పిల్లాణ్ణి ఒకడు కత్తితో పొడిచాడు. మర్నాడు తెల్లవారుజామున పిల్లాడు చనిపోయాడు. అంతకు ముందు జూన్‌లో సుజౌలో ఇలాగే బస్‌స్టాప్ దగ్గర దాడి జరిగితే, స్కూలు బస్సు చూసుకునే చైనా మహిళ ఒకావిడ అడ్డుపడి ప్రాణం పోగొట్టుకుంది. ఈసారి పిల్లాణ్ణి ఎవరూ కాపాడలేకపోయారు. చైనా విదేశాంగ ప్రతినిధి ఇది విడి ఘటన అనీ, ఇలాంటివి ఏ దేశంలోనైనా జరగొచ్చనీ అన్నాడు. స్కూలు గేటు దగ్గర మాత్రం మామూలు జనం పూలు పెట్టి, "సారీ" అని రాసి వెళ్ళారు.

19న మధ్యాహ్నం లీడ్ నాకు ఒక డ్రాఫ్ట్ పంపింది, కాచోకి పంపాలట, ముందు నన్ను చూడమంది. "ఈ దురదృష్టకర సంఘటనకు తీవ్రంగా విచారిస్తున్నాను" అని మొదలైంది. నేనేమీ అనకముందే ఆవిడే ఫోన్ చేసింది. "చూశారా, నేనూ అదే రాశాను. కానీ చేసింది నేను కాదు రావు సాన్. చేశాం అని ఎలా రాయను? జరిగింది అని రాస్తే, పోయినేడాది నేను మిమ్మల్ని అన్న మాటేంటి?" నా దగ్గర జవాబు లేదు. మా కుర్రాడు అడిగిన ప్రశ్న అటు తిరిగి నా దగ్గరికే వచ్చింది, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

చివరికి ఆవిడ పంపింది మూడు ముక్కలు. వార్త చూశాను. మా అమ్మాయికీ పదేళ్ళే. ఏం రాయాలో తెలియక రాస్తున్నాను. కాచో దాన్ని తన సీట్లో కూర్చుని చదివాడు, సిగరెట్ గదికి వెళ్ళొచ్చాడు, మళ్ళీ చదివాడు. గంట తర్వాత ఏదో టైప్ చేసి పంపాడు. ఏం రాశాడో నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. పరిపాలన విభాగానికి కాపీ పెట్టలేదని మాత్రం తెలుసు, పెట్టి ఉంటే సాయంత్రంలోపు నాకు ఫోన్ వచ్చేది.